మద్దెల నిజంగానే ఓటిదైతే

ఆడలేని వాడు మద్దెల ఓటిదని సాకు చెబుతాడని మన సామెత వెక్కిరిస్తుంది. తరతరాలుగా ఆ వెక్కిరింత మనిషి మీదనే పడుతున్నది గాని, ఒక్కసారి ఆ మద్దెలను కూడా కొట్టి చూద్దామని ఎవరికీ తోచినట్టు లేదు. ముచ్చటపడి ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కొని, మూడు నెలలు వేళ్లు కాయలు కాయించుకొని, చివరకు సంగీతం తమ వల్ల కాదని దానిని అటక మీదికి చేర్చే పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఈ సామెత తలకిందులుగా కనిపిస్తుంది. వారిలో పలువురి విషయంలో మద్దెల నిజంగానే ఓటిది. ఆ సంగతి వారికి చెప్పేవారే లేరు.

మా నిజామాబాదు మార్కెట్ యార్డులో పసుపు కొనేవాడిని గమనించండి. రాశిని చూసి మురిసిపోడు. ఒక కొమ్ము చేతిలోకి తీసుకొని పుటుక్కున విరుస్తాడు. బాగా ఎండిన కొమ్ము విరిగేటప్పుడు దాదాపు లోహం పలికినట్టు పలుకుతుంది. ఆ పలుకు విని, లోపలి రంగు చూసి, అప్పుడు ధర మాట ఎత్తుతాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గాని, చెరకు విలువ గడ పొడవులో కాక రసంలోని చక్కెర పాలులో ఉంటుందన్న జ్ఞానం ఇక్కడి రైతును విడిచిపోలేదు. కుండ కొనే అవ్వ సైతం వేలి ముడుపుతో కొట్టి, ఖంగుమంటేనే చంకకెత్తుకుంటుంది. ఇంతటి పరీక్షాబుద్ధి గల నేల మీద, పది పన్నెండు వేలు పోసి కొనే గిటారును మాత్రం ఫోనులో బొమ్మ చూసి, రంగు నచ్చి, తెప్పించుకుంటున్నాము!

ఎడపల్లిలో ఎలక్ట్రిక్ గిటారు ఎవడికి కావాలయ్యా అని నవ్వేవారుంటారు. చర్చిలో ఆదివారం పాటకు కావాలి. పెళ్లిళ్లలో వాయించే ఆర్కెస్ట్రా కుర్రవాళ్లకు కావాలి. ఏ ప్రయోజనమూ లేకుండా, కేవలం ఆ నాదం మీది మోహంతో కొనేవారు కూడా ఉన్నారు; నా గౌరవం వారికి ఒక పిసరు ఎక్కువ. పది రకాల గిటార్లను వరుసగా చేతపట్టి చూడాలంటే హైదరాబాదు దాకా వెళ్లవలసిందే. వెళ్లమనే నేను చెబుతాను. అయితే వెళ్లి ఏమి చూడాలన్నదే అసలు ప్రశ్న.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎలక్ట్రిక్ గిటారుకు మొదటి పరీక్ష కరెంటు లేకుండా జరగాలి.

దుకాణంలో అడుగు పెట్టగానే అమ్మేవాడు గిటారును ఆంప్లిఫయరుకు తగిలించి, డిస్టార్షన్ పెంచి, ఒక్క తీగ మీటి వదులుతాడు. ఆ స్వరం సాగుతూ ఉంటుంది, సాగుతూనే ఉంటుంది. "చూశారా సార్, సస్టెయిన్!" అంటాడు. ఆ సాగుడులో గిటారు ప్రతిభ కొంత, ఆంప్లిఫయరు ప్రతిభ కొండంత. డిస్టార్షన్ చేసే పని అలల తలలు నరకడం. తీగ కంపనం సగానికి తగ్గినా నరికిన అల ఎత్తు దాదాపు అంతే ఉంటుంది గనుక, లోపల తీగ చల్లారిపోతున్నా చెవికి ఆ సంగతి తెలియదు. దీని మీద ప్రతిధ్వని మోత కూడా కలిపితే ఇక చెప్పనే అక్కరలేదు, చీపురుపుల్లకు కూడా సస్టెయిన్ వస్తుంది. 1984లో వచ్చిన 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' అనే హాస్యచిత్రంలో ఒక గిటారిస్టు, అసలు మీటనే మీటని గిటారు సస్టెయిన్‌ను వినమని ఎదుటివాడిని బలవంతపెడతాడు. దుకాణాలలో నాకు ఆ ఘట్టం తరచు గుర్తుకొస్తుంది.

ఈ నిలుకడ అనేది అసలెక్కడి నుంచి వస్తుంది? మీటినప్పుడు తీగకు మనం ఇచ్చేది కొద్దిపాటి శక్తి. ఆ క్షణం నుంచి అది ఖర్చవుతూనే ఉంటుంది: కొంత గాలికి, కొంత తీగలోని రాపిడికి, కొంత తీగను రెండు కొసలా పట్టుకున్న కొయ్యకు. మామూలు గిటారులో పల్చటి పైపలక ఆ శక్తిని గబగబా తీసుకొని గదినిండా పంచిపెడుతుంది. అందుకే అది బిగ్గరగా పలికి త్వరగా ఆరిపోతుంది. లెస్ పాల్ 1940 ప్రాంతంలో ఒక గట్టి దూలపు ముక్కకు తీగలు కట్టి, అయస్కాంతపు పికప్ బిగించి చూసినది ఈ పంపకాన్ని ఆపడానికే. కదలని కొయ్య తీగ నుంచి ఏమీ అడగదు. పికప్ వినేది ముఖ్యంగా తీగ కదలికను. శక్తి తీగలోనే ఉండిపోతే నాదం నిలుస్తుంది.

ఇంతవరకు తెలిసినవాడికి, దుకాణాలలో వినిపించే ఇంకొక మాట తేడాగా తోస్తుంది. "గిటారును పొట్టకు ఆనించుకోండి, ఎలా అదురుతున్నదో చూడండి, అదే మంచి సస్టెయిన్‌కు గుర్తు" అంటారు. అదిరే కొయ్య ఎవరి సొమ్ముతో అదురుతున్నట్టు? తీగ సొమ్ముతోనే కదా! పొట్టకు హాయిగా ఉండవచ్చు, దాన్ని నేను కాదనను. ఆ హాయి వాయించేవాడికి ఉత్సాహమిచ్చే మాట కూడా నిజమే. అయితే దానిని నిలుకడకు సాక్ష్యంగా చూపడం మాత్రం లెక్కను తిరగేయడమే. కొయ్య జాతి గురించి జరిగే రామరావణ యుద్ధంలోకి నేను దిగను. పెయింటు కింద ఏ చెట్టున్నదో కొనేవాడికి కనబడదు, చెవికి వినబడే లోపాలే బోలెడన్ని ఉన్నాయి.

కాబట్టి గిటారును శ్రుతి చేయించి, ఆంప్లిఫయరు తీయించి, ఒక మూలకు వెళ్లి కూర్చోండి. ఒక్కొక్క తీగ మీద ఒక్కొక్క మెట్టూ నొక్కుతూ, ఒకే బలంతో మీటి, ఆరిపోయేదాకా వినండి. ఎన్ని సెకన్లని గడియారం చూడనక్కరలేదు. పక్క మెట్టుతో పోల్చి చూస్తే చాలు. అన్నీ ఒక తీరుగా పలికి, ఒకచోట మాత్రం స్వరం గొంతు నొక్కినట్టు చటుక్కున ఆగితే, అక్కడ ఆగి ఆలోచించాలి. ఆగేముందు జర్రుమన్న రొద వినిపించిందా? అయితే తీగ పక్క మెట్టుకు తగులుతున్నది. అది సర్దుబాటు లోపం, చాలాసార్లు బాగుపడుతుంది. ఏ రొదా లేకుండా, మర్యాదగా, మౌనంగా చచ్చిపోయిందా? అది మెడ స్వభావం. గిటారు మెడకు తనవైన కంపనాలు కొన్ని ఉంటాయి. తీగ స్వరం వాటిలో ఒకదానితో కలిసిందంటే శక్తినంతా మెడ మింగేస్తుంది. వీటినే డెడ్ స్పాట్లంటారు. జర్మనీలో హెల్ముట్ ఫ్లైషర్ అనే పరిశోధకుడు 1990లలో ఎలక్ట్రిక్ గిటార్ల మెడలను మెట్టు మెట్టుకూ కొలిచి, మెడ కదిలేచోటనే స్వరం త్వరగా ఆరుతున్నదని చూపించాడు. తల భాగానికి ఒక కేపో బిగించి మళ్లీ మీటి చూడండి. బరువు పెరిగి మెడ కంపనం మారుతుంది గనుక ఆ చావు మెట్టు పక్కకు జరిగినా జరగవచ్చు. జరిగిందంటే దోషం మెడదేనని రూఢి అయినట్టే. దాదాపు ప్రతి గిటారులోనూ ఇలాంటిది ఒకటో రెండో ఉంటాయి. మీరు తరచు నిలబడే స్వరం మీద ఉంటే మాత్రం ఆ గిటారును మర్యాదగా గోడకు తగిలించి రండి.

ఒక చిన్న మాట. పికప్‌లను తీగలకు మరీ దగ్గరగా ఎత్తి ఉంచితే, ఆ అయస్కాంతాలు తీగను లాగి నిలుకడను చెడగొడతాయి, శ్రుతి అపశ్రుతుల మధ్య ఊగిస్తాయి కూడా. రెండు మరలు తిప్పితే పోయే జబ్బు ఇది. దీన్ని చూసి గిటారును తిట్టకూడదు.

నా మటుకు నాకు ఈ నిలుకడ పిచ్చి కన్నా తీగ స్పర్శ పెద్ద విషయం. నిలుకడ తక్కువైన గిటారు మీద సంగీతం నేర్చుకోవచ్చు. చేతిని శిక్షించే గిటారు మీద నేర్చుకోలేము.

మా వీధి కుర్రవాడొకడు ఇట్లాగే ఒకటి తెప్పించుకున్నాడు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. రెండు నెలల తరువాత నా దగ్గరికి వచ్చి, "మామా, నా చేతులకే ఈ విద్య రాదు గావచ్చు" అన్నాడు. తీసుకొని చూస్తే పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందు! ఒకటిన్నర నుంచి రెండు ఉండవలసిన చోటు అది. మెడ మొదట్లో నట్ గాట్లు కూడా లోతు చాలక, మొదటి మెట్టు నొక్కడమంటే ఎడ్లబండి పగ్గం బిగబట్టినంత పని. పైగా తీగ అంత కిందికి సాగితే శ్రుతి కూడా పైకి పోతుంది. అంటే వాడు సరైన చోట నొక్కినా తప్పు స్వరమే పలుకుతున్నది. వేళ్లు నొప్పి, చెవికి అపశ్రుతి, చుట్టూ నవ్వేవారు. పదిహేనేళ్ల పిల్లవాడు ఇంతకన్నా ఏ నిర్ణయానికి రాగలడు? నట్ గాట్లు అరగదీయించి, బ్రిడ్జి దించి, మెడలోని ట్రస్ రాడ్ కొద్దిగా తిప్పించేసరికి అయిన ఖర్చు వెయ్యి రూపాయల లోపే. ఈ వెయ్యి రూపాయల తేడాతో ఎందరు పిల్లలు తమకు సంగీతజ్ఞానం లేదని జీవితాంతం నమ్ముతున్నారో తలచుకుంటే నాకు కోపం వస్తుంది.

స్పర్శను కొలవడానికి పెద్ద సరంజామా అక్కరలేదు. ఒక స్కేలుబద్ద జేబులో పెట్టుకు వెళ్లండి. మొదటి మెట్టునూ చివరి మెట్టునూ ఒకేసారి నొక్కి, ఏడెనిమిదో మెట్టు దగ్గర సందు చూడండి. ఒక విజిటింగ్ కార్డు దూరేంత, అంటే పావు మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటే మెడ వంపు సవ్యంగా ఉన్నట్టు. మెడను తుపాకీలా కంటికి ఆనించి కొస దాకా చూడండి. వంపును ట్రస్ రాడ్ సరిచేస్తుంది గాని మెలికను సరిచేయదు. మెలిక తిరిగిన మెడ ఉన్న గిటారు ఉచితంగా ఇచ్చినా వద్దు. అరచేతిని మెడ అంచు వెంట జార్చి చూడండి. మా జిల్లాలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తడి ఇంకిపోతుంది. కొయ్య ముడుచుకొని మెట్ల కొసలు ముళ్లలా బయటికి వస్తాయి. వానాకాలంలో నున్నగా ఉన్న గిటారు ఏప్రిల్‌లో చేయి గీరవచ్చు. ఆకురాయితో పోయేదే గాని, ఇది తెలిసి ఉండడం మంచిది.

తీగ బిగువు సంగతి కూడా వేళ్లకు తెలియాలి. ఫెండర్ తరహా గిటార్లలో తీగ పలికే పొడవు 25.5 అంగుళాలు, గిబ్సన్ తరహాలో సుమారు 24.75. తేడా ముప్పాతిక అంగుళమే అయినా, అదే తీగను అదే శ్రుతికి తెస్తే పొడవైన దానిలో బిగువు ఆరు శాతం ఎక్కువ. సన్నతీగ 9 నంబరు నుంచి 10కి మారితే ఆ తీగ బిగువు ఇరవై శాతం పైగా పెరుగుతుంది. కాబట్టి రెండు గిటార్లను పోల్చేటప్పుడు ఏ నంబరు తీగలు కట్టారో అడగండి. లేకపోతే మీరు పోలుస్తున్నది గిటార్లను కాదు, తీగలను. తుప్పు పట్టిన పాత తీగలుంటే నిలుకడ మీద ఏ తీర్పూ చెప్పకండి.

మన చెవికి ఈ స్పర్శ మరింత ఎందుకు ముఖ్యమో పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ను తలచుకుంటే అర్థమవుతుంది. మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. టకటకమని పలికి ఆరిపోయే ఆ జంటతీగలు గమకానికి లొంగవు. ఆయన జంటలను తీసేసి, అయిదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టాడు. ఒంటితీగ వేలికి లొంగుతుంది, విద్యుత్తు నాదాన్ని నిలుపుతుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు, 2014లో కన్నుమూసే నాటికి ఆ చిన్ని వాద్యానికి కర్ణాటక సంగీతంలో పీట వేసి వెళ్లాడు. ఆయన ప్రతిభ ముందు వాద్యం ఎంత అనవచ్చు. కానీ అంతటి వేళ్లు గలవాడే, ఉన్న వాద్యంతో సరిపెట్టుకోక, తన సంగీతం అడిగినట్టు దాన్ని మార్చుకున్నాడు గదా!

అందుకని గిటారు చూసేటప్పుడు పాశ్చాత్యపు వేగపు పలుకులు నాలుగు వాయించి ఊరుకోకండి. మూడో తీగ మీద ఏడో మెట్టు నొక్కి, తీగను పక్కకు నెట్టి రెండు మెట్ల పై స్వరం అందుకొని, అక్కడ నిలిపి, నెమ్మదిగా దిగి రండి. వీణ మీద చేసే పనే ఇది. ఎక్కేటప్పుడు వేలి కింద మెట్టు గరగరలాడుతున్నదా? పైన నిలిచినప్పుడు స్వరం బతికే ఉన్నదా? దిగాక శ్రుతి మొదటి చోటికే వచ్చిందా? ఈ ఒక్క ప్రయోగంలో స్పర్శా, నిలుకడా, బిరడాల పట్టూ మూడూ తేలిపోతాయి.

హైదరాబాదు వెళ్లలేనివారు, పెట్టెలో తెప్పించుకోక తప్పనివారు, వాపసు గడువు ఎన్నాళ్లో ముందే చూసుకోండి. పెట్టె విప్పిన రోజునే పై పరీక్షలన్నీ చేయండి. ఫొటోలు తరువాత. మెలికా, చావు మెట్టూ కనిపిస్తే మొహమాటం లేకుండా తిప్పి పంపండి. తీగల ఎత్తు, నట్, పికప్‌ల లోపాలే అయితే ఉంచుకొని, నిజామాబాదులోనో హైదరాబాదులోనో గిటారు బాగుచేసేవారి చేతిలో ఒక పూట పెట్టి, ఆ తరువాతనే మొదటి పాఠం మొదలుపెట్టండి. మా వీధి కుర్రవాడు ఇప్పుడు ఆదివారాలు చర్చిలో వాయిస్తున్నాడు. తాళం అప్పుడప్పుడు తప్పుతాడు. అది మాత్రం మద్దెల తప్పు కాదు.