సామాన్య విద్యయు బదిలీ విద్యార్థులును

కాలిఫోర్నియా రాష్ట్రమందలి కమ్యూనిటీ కాలేజీలలో 2025వ సంవత్సరపు శరత్కాలమునుండి క్రొత్తగా చేరుచున్న విద్యార్థులకు ఒక నూతన పాఠ్యపట్టిక వర్తించుచున్నది. ఆ కాలేజీలలో మొదటి రెండేండ్ల చదువు ముగించి, మూడవ యేట విశ్వవిద్యాలయమునకు బదిలీ కాగోరువారు, ఈ పట్టిక ననుసరించినచో, సామాన్య విద్యక్రింద 11 పాఠములను, మొత్తము 34 యూనిట్లను, ప్రతి దానియందును ‘సి’ తరగతికి తక్కువ కాకుండ ముగింపవలెను. ఆ రాష్ట్రమున ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థలు రెండున్నవి: యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా యొకటి, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ యొకటి. విద్యార్థి వీనిలో దేనికి పోయినను ఇకమీదట ఈ పట్టికయే చెల్లును. దీనిని కాల్-జెట్‌సి యని పిలుచుచున్నారు. పైకి జూచిన నిది గుమాస్తాలు తేల్చుకొనవలసిన లెక్కగా దోచును. కాని బీదల బిడ్డలకు ఉన్నత విద్య యందునా, అందదా యను ప్రశ్న అనేక పర్యాయములు ఇట్టి లెక్కలలోనే తేలుచుండును. ఆ రాష్ట్రమున వేలకొలది తెలుగు కుటుంబములు నివసించుచున్నవి గనుక ఈ విషయము మన పాఠకులకును కేవలము పరాయిది కాదు.

ఈ వ్యవస్థకు 1960వ సంవత్సరమున పునాది పడినది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు అప్పుడు క్లార్క్ కెర్ అధ్యక్షుడు. ఉన్నత పాఠశాలలు ముగించిన వారిలో మొదటి ఎనిమిదవ వంతు వారికి ఆ విశ్వవిద్యాలయమునందును, మొదటి మూడవ వంతు వారికి స్టేట్ కాలేజీలయందును ప్రవేశార్హత యుండవలెననియు, తక్కినవారి నందఱిని రెండేండ్ల కాలేజీలు చేర్చుకొనవలెననియు నాటి మహాప్రణాళిక నిర్ణయించినది. పదునెనిమిదేండ్ల వయసుననే మనుష్యులను ఇట్లు మూడు వరుసలుగా విడదీయుట ప్రజాస్వామ్యమునకు శోభ యిచ్చునా యని యెవరైన నడుగవచ్చును. ఆ ప్రశ్నకు ప్రణాళికాకర్తలు సిద్ధపఱచిన సమాధాన మొక్కటే: మూడవ వరుసవాడు రెండేండ్లు శ్రద్ధగా చదివినచో మొదటి వరుస తలుపు అతనికి మరల తెఱవబడును. బదిలీ మార్గము సరిగా నడచిననే ఆ ప్రణాళిక న్యాయమైనది. మార్గము మూసికొనిపోయెనా, అది జన్మానుసారముగ పీటలు వేయు ఏర్పాటుగా దిగజారును. నేడు ఆ రాష్ట్రమున 116 కమ్యూనిటీ కాలేజీలున్నవి. రాష్ట్రవాసులకు యూనిట్ ఒక్కింటికి 46 డాలర్ల రుసుము. పగలు పనిచేసి సాయంకాలము చదువువారు, బిడ్డల తల్లులు, సైన్యమునుండి మరలివచ్చినవారు, వలసవచ్చిన కుటుంబముల పిల్లలు అచ్చట చేరుచున్నారు.

ఇట్టివారికి చిరకాలముగ కలిగిన యిబ్బంది యేమనగా, రెండు విశ్వవిద్యాలయ వ్యవస్థలును రెండు విధములుగ కోరుచుండుట. స్టేట్ యూనివర్సిటీకి తన సొంత పట్టిక యుండెను. దానియందు మొదటి రెండేండ్లకు 39 యూనిట్లు. 1991లో ఐజెట్‌సి యను ఉమ్మడి పట్టిక యేర్పడినది గాని, ఆ ఉమ్మడితనము సగమే. స్టేట్ యూనివర్సిటీకి పోవువాడు సభలో మాటలాడు విద్య నేర్వవలెను. రెండవదానికి పోవువానికి అది యక్కఱలేదు, కాని ఆంగ్లేతర భాష యొకటి వచ్చియుండవలెను. తన్నెవరు చేర్చుకొందురో ముందుగా తెలియని విద్యార్థి ఏ పట్టికను పట్టుకొనవలెను? ఒక పట్టిక ననుసరించి, చివరకు రెండవ వ్యవస్థలో ప్రవేశము దొరకినచో, చదివినవానిలో కొన్ని యక్కఱకు రావు. అక్కఱకు వచ్చునవి చదివియుండలేదు. మూడు యూనిట్ల పాఠమునకు రుసుము 138 డాలర్లే కావచ్చును. ఆ యొక్క పాఠము కొఱకు ఇంకొక సెమిస్టరు నిలిచిపోవలసివచ్చినచో, ఇంటి యద్దె, పోయిన కూలి, విరిగిన యుత్సాహము — వీని వెల యే లెక్కలోనికి వచ్చును? సంపన్నుని కుమారుడు ఈ నష్టమును వేసవి సెలవులలో పూడ్చుకొనును. అంగడిలో పనిచేయు బాలిక చదువే మానుకొనును.

మన పూర్వానుభవ మొకటి యిచ్చట జ్ఞాపకమునకు వచ్చుచున్నది. మద్రాసు విశ్వవిద్యాలయముక్రింద ద్వితీయ శ్రేణి కళాశాల లుండెడివి. అవి ఎఫ్.ఏ. వఱకు, పిమ్మటి కాలమున ఇంటర్మీడియట్ వఱకు మాత్రమే బోధించెడివి. అచ్చట రెండేండ్లు చదివి, బి.ఏ. కొఱకు రాజమహేంద్రవరమునకో చెన్నపురికో పోయిన తెలుగు విద్యార్థు లసంఖ్యాకులు. ఆనాటి పరీక్షల క్రౌర్యమును మేము మెచ్చుకొనుట లేదు. పరాయి ప్రభుత్వము మనకు విద్య నేర్పిన విధమందు మెచ్చదగినది స్వల్పము. ఐనను ఒక్క గుణమును కాదనరాదు. పరీక్ష యందఱికి నొక్కటియే గనుక, చిన్న పట్టణపు కళాశాలలో చదివి కృతార్థుడైన వానిని ప్రథమ శ్రేణి కళాశాలవారు “నీ చదువు మా చదువు కాదు” అని త్రోసిపుచ్చుట కవకాశము లేకుండెను. ముద్ర యొక్కటియైన నాణెమునకు వట్టము కట్టువా రుండరు. కాలిఫోర్నియాలో ఇన్నాళ్లు లోపించినది ఈ గుణమే.

దానిని సరిచేయుటకై 2021లో ఆ రాష్ట్ర శాసనసభ 928వ బిల్లును ఆమోదించినది. ప్రతిపాదించినవాడు మార్క్ బెర్మన్. రెండు విశ్వవిద్యాలయ వ్యవస్థలకును సరిపోవు పట్టిక యొక్కటియే యుండవలెననియు, అది 2021 జూలై నాటి ఐజెట్‌సి యూనిట్లను మించరాదనియు శాసనము నిర్దేశించినది. నిర్ణయభారమును ముందు మూడు వ్యవస్థల అధ్యాపక సభలకే విడిచి, వారు గడువులోపల ఏకాభిప్రాయమునకు రానిచో పాలనాధికారులే నిర్ణయింతురని యొక హెచ్చరికను జోడించినది. అనేక సంవత్సరములు కుదరని పొత్తు గడువు దగ్గఱపడగా 2023లో కుదిరినది. పండితుల వివాదములకు గడువును మించిన మధ్యవర్తి లేడు కాబోలు!

అట్లు కుదిరిన పట్టికలో ఆంగ్ల రచన, విమర్శనాత్మక చింతన, సభాభాషణము అను మూడు పాఠములును, గణిత మొకటియు, కళలు మానవీయ విద్యలు కలిసి రెండును, సాంఘిక శాస్త్రములు రెండును, భౌతిక జీవ శాస్త్రములు ప్రయోగశాలతో 7 యూనిట్లును ఉన్నవి. వీనికి దోడు ఎత్నిక్ స్టడీస్ ఒక పాఠము. ఇది అమెరికా ఆదివాసులు, నల్లజాతివారు, ఆసియావారు, లాటినోలు ఆ దేశమున పడిన పాట్లను, చేసిన పోరాటములను దెలుపు విద్య. 2020 నాటి శాసనముచేత స్టేట్ యూనివర్సిటీ పట్టభద్రుల కిది యదివఱకే విధియైనది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియావారు సభాభాషణమునకు ఒప్పుకొనిరి. స్టేట్ యూనివర్సిటీవారు కళా మానవీయ విద్యలలో మూడవ పాఠమును, ఆత్మవికాసమునకు సంబంధించిన వేఱొక పాఠమును వదలుకొనిరి. 2024లో ఆ విశ్వవిద్యాలయపు ధర్మకర్తల మండలి తమ సొంత విద్యార్థులకును ఈ పట్టిక ననుసరించియే సామాన్య విద్యను మార్చుటకు నిర్ణయించినది. బదిలీ విద్యార్థికి ఒక కొలత, తమ విద్యార్థికి ఒక కొలత యుండుట తగదనుట న్యాయమే. అధ్యాపకులలో పలువురు దీని నాక్షేపించిరి. పాఠము పోయిన దాని నాశ్రయించిన బోధకుని జీతమును పోవునను భయము వారి కుండుట సహజము. అది సిగ్గుపడవలసిన వాదము కాదు. జ్ఞానరక్షణ యను పేరుతో చెప్పుటకంటె దానిని దాని పేరుతోనే చెప్పిన బాగుండును.

ఇంతవఱకు మేము ఈ సంస్కరణమును మనఃపూర్వకముగ హర్షించుచున్నాము. మాకు నచ్చని దొక్కటి యున్నది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియావారు ఐజెట్‌సిలో కోరుచుండిన ఆంగ్లేతర భాషా నిబంధన క్రొత్త పట్టికలో లేదు.

ఆ నిబంధన యెట్టిదో కొంచెము వివరింపవలెను. ఉన్నత పాఠశాలలో ఒక భాషను రెండేండ్లు చదివినంతటి పరిచయ మున్నట్లు విద్యార్థి చూపవలెను. ఆ యర్హతకు 34 యూనిట్లలో లెక్క లేదు. ప్రవేశము చూపినచో చాలును. చూపుటకు మార్గములు పెక్కు. వానిలో మనకు ముఖ్యమైనది: ఆఱవ తరగతి మొదలుకొని ఆపైని, ఆంగ్లము కాని భాషలో బోధించు పాఠశాలయందు రెండేండ్లు చదివినట్లు దాఖలా చూపినవారికి ఈ యర్హత సిద్ధించెడిది. అనగా గుంటూరు మండలమునందో కరీంనగరు మండలమునందో తెలుగు మాధ్యమపు బడిలో ఆఱు, ఏడు తరగతులు చదివి, తలిదండ్రులతో కాలిఫోర్నియాకు చేరిన బాలునికి ఆ బడి కాగితమే అర్హతాపత్రము. మెక్సికో పల్లెలో స్పానిషు బడికి, వియత్నాములో ఆ దేశభాషా పాఠశాలకు పోయిన బాలికకును అంతియే. వలసవచ్చిన బిడ్డకు ఆ కాలేజీలో ఆంగ్ల రచన కష్టము, సభాభాషణము మఱియు కష్టము. అన్నిచోట్లను తన లోపమునే యెత్తి చూపు పట్టికలో, తన తల్లిభాష విద్యగా లెక్కకు వచ్చిన స్థాన మది యొక్కటి. దానిని కొట్టివేసిరి.

దీనివలన మేలు పొందినవారు లేరని మేమనము. ఉన్నత పాఠశాలలో భాష చదువని విద్యార్థి, ఇంట ఆంగ్లము తప్ప వేఱు భాష లేనివాడు, ఆ 34 యూనిట్లకు పైగా భాషా తరగతులకు పోవలసివచ్చెడివాడు. వానిలో బీదవారును కలరు. వారి భారము తగ్గుట మంచిదే. కాని ఒకని భారమును దించుటకు వేఱొకని సొత్తును లెక్కనుండి తీసివేయ నేల? భాషను విధిగా నుంచనక్కఱలేదు; చూపగలవానికి ఫల మియ్యవచ్చును. మూడు అధ్యాపక సభలును ఈ భేదమును పాటించినట్లు లేదు. యూనిట్లు లెక్కించువారి కంటికి, యూనిట్లు లేని విద్య విద్యగా కనబడదు. పెక్కు భాషల ప్రజలు నివసించు రాష్ట్రము సామాన్య విద్యయనగా నేమో నిర్వచించుటకు గూర్చుండి, రెండవ భాష ప్రసక్తియే లేకుండ ముగించుట ఆశ్చర్యకరము. ఇతర జాతుల పాట్లను తెలిసికొనుటకు ఒక పాఠమును నిర్బంధముగ పెట్టిరి, సంతోషము. ఆ జాతులు మాటలాడు భాషలకు విలువ కట్టుట మఱచిరి.

ఈ సందర్భమున అచ్చటి మన తెలుగువారితో ఒక మాట చెప్పవలసియున్నది. ఫ్రీమాంటు, కూపర్టినో ప్రాంతములలో స్థిరపడిన మన యింజనీర్లు సామాన్య విద్యను దండుగగా నెంచుట కలదు. “మావాడు కంప్యూటరు చదువుటకు పోవుచున్నాడు, వానికి చిత్రకళాచరిత్ర యెందుకు, ఎత్నిక్ స్టడీస్ యెందుకు?” అని వారందురు. పదునైదేండ్లకే ఎం.పి.సి.యో బై.పి.సి.యో యని తేల్చి, ఆపైని చరిత్ర ముఖము చూడనీయక పెంచిన చదువు మనది. ఆ చదువున పెరిగినవారి కిట్లు తోచుట వింత కాదు. మన యింటర్మీడియట్ విద్యార్థులలో ఎందఱో మార్కులు సులువుగ వచ్చునని తెలుగును విడిచి సంస్కృతమును గైకొని, రెండేండ్ల పిదప ఒక శ్లోకమునకైన అన్వయము చెప్పలేకున్నారు. అట్టి భాషాభ్యాసమును మేము కాలిఫోర్నియాకు సిఫారసు చేయము. కాని తాము నివసించు దేశమున తమకంటె ముందు వచ్చిన ఆసియావా రేమి యనుభవించిరో, 1923లో అమెరికా సుప్రీము కోర్టు భగత్ సింగ్ థింద్ వ్యాజ్యమున హిందూదేశీయులు పౌరసత్వమున కర్హులు కారని యేల తీర్పు చెప్పెనో, మన పిల్లలు నేర్చుకొను నవకాశము ఎత్నిక్ స్టడీస్ తరగతిలో తప్ప వేఱెచ్చట దొరకును? దానిని దండుగ యనువారు తమ బిడ్డ ఆ దేశమున జీతగాడుగ మాత్రమే యుండిన చాలునని తలంచుచున్నారా?

ఒక్క పట్టికతో కష్టములన్నియు తీరవు. ఇంజనీరింగునకు పోవువానికి కాల్కులసు, భౌతిక, రసాయన శాస్త్రములే రెండేండ్లను మ్రింగివేయును. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోని కొన్ని శాఖలవారు సామాన్య విద్యకంటె వీనినే ముందు ముగింపుడని తామే చెప్పుచున్నారు. 11 పాఠములు ముగించినంతమాత్రమున ప్రవేశము నిశ్చయము కాదు. ఒకే పాఠమునకు కాలేజీ కొక సంఖ్య యుండుట మఱియొక చిక్కు. 2021లోనే వేఱొక శాసనము, 1111వ బిల్లు, అన్ని కమ్యూనిటీ కాలేజీలకును ఒకే సంఖ్యాక్రమ ముండవలెనని శాసించినది, ఆ పని క్రమముగ జరుగుచున్నది.

భాష మాట మాత్రము ఇప్పుడే సరిదిద్దుకొనవచ్చును. అందుకు 34 యూనిట్ల మితిని దాటనవసరము లేదు. ఏ భాషయందైనను తగిన పరిజ్ఞానమును బడి దాఖలాచేత గాని పరీక్షచేత గాని చూపిన విద్యార్థికి, కళా మానవీయ విద్యలలో నున్న రెండు పాఠములలో మానవీయ విద్యకు సంబంధించినది నెఱవేఱినట్లు అంగీకరించినచో చాలును. ఇంట తెలుగు మాటలాడియు చదువ వ్రాయ నేర్వని పిల్లలు అక్షరములు పట్టుట కిది యొక ప్రేరణమగును. పట్టికను గట్టిన అధ్యాపక సభలే దానిని సవరింప సమర్థములు. అచ్చటి తెలుగు సంఘములు ఏటేట జరుపు మహాసభలలో సినిమాతారల సన్మానములకు వెచ్చించు కాలములో ఒక పూట తీసి, స్పానిషు, వియత్నామీ, చైనా భాషల వారితో చేయి కలిపి, ఈ విజ్ఞప్తిని వ్రాతమూలముగ ఆ సభలకు పంపవలెను.