కామ్రేడ్లు ఎవరి గుర్తు మీద నిలబడాలె?

మొన్న క్యాంపు గ్రూపుల సీతక్క వీడియో ఒకటి పెడితే పెద్ద లొల్లి అయింది. ఎర్రజెండా వదిలి కాంగ్రెస్‌ల చేరిందని ఒకరు, చేరింది కాబట్టే మంత్రి అయిందని ఇంకొకరు. రెండు ముక్కల్లో తేలే ముచ్చట కాదు, అందుకే పొడుగ్గా రాస్తున్న. ఓపిక ఉన్నోళ్లు చదవండి.

సీతక్క అడవిలో తుపాకి పట్టిన మనిషి. బయటికి వచ్చి లా చదివింది, తెలుగుదేశం టికెట్ మీద 2009ల ములుగు గెలిచింది. తర్వాత కాంగ్రెస్ నుంచి 2018ల, 2023ల గెలిచి పంచాయతీరాజ్ మంత్రి అయింది. ఇటు ఇల్లందు గుమ్మడి నర్సయ్య. 5 సార్లు ఎమ్మెల్యే అయిన న్యూడెమోక్రసీ నాయకుడు, ఏ పెద్ద పార్టీలకూ పోలేదు. సైకిల్ మీద తిరిగిన ఎమ్మెల్యే అంటే ఇప్పటికీ ఆయన పేరే చెప్తరు. కానీ 2009 నుంచి ఆయన మళ్లీ గెలవలేదు. ఇద్దరూ కోయ బిడ్డలే, ఇద్దరి మీదా నాకు గౌరవమే.

పార్టీల సంగతి చూడండి. 2022ల మునుగోడు ఉప ఎన్నికలో సీపీఐ, సీపీఎం రెండూ కేసీఆర్ పార్టీకి మద్దతు ఇచ్చినయ్. ఆ పార్టీ పది వేల మెజారిటీతో గెలిచింది. తెల్లారి ఏడాది ఆగస్టుల అదే కేసీఆర్ 115 మంది లిస్టు చదివితే వీళ్లకు ఒక్క సీటు లేదు. పని అయినంక బిల్లు ఎగ్గొట్టినట్టే. అప్పుడు సీపీఐ కాంగ్రెస్‌తో మాట్లాడుకొని కొత్తగూడెం తీసుకుంది, తన కంకి కొడవలి గుర్తు మీదనే కూనంనేని సాంబశివరావు గెలిచిండు. సీపీఎం ఒంటరిగా పోయింది, ఒక్కటి రాలేదు.

నా మట్టుకు నాకు కొత్తగూడెం తొవ్వే మంచిగ అనిపిస్తది. పొత్తు పెట్టుకో, గుర్తు మాత్రం ఇయ్యకు. ఎందుకంటే పార్టీ టికెట్ మీద గెలిస్తే విప్ ఉంటది. విప్ కాదని ఓటేస్తే పదవి పోవచ్చు, ఫిరాయింపుల చట్టం అట్లుంది. మా సైట్ల మెయిన్ కాంట్రాక్టర్ హెల్మెట్ పెట్టుకున్నోడు మెయిన్ కాంట్రాక్టర్ మీద కంప్లయింట్ రాస్తడా? రాయడు.

గుర్తు సొంతదైతే మనిషి నిలబడతడని కూడా చెప్పలేం. 2014ల దేవరకొండల సీపీఐ నుంచి గెలిచిన రవీంద్రకుమార్ తర్వాత టీఆర్‌ఎస్‌లకు పోయిండు. ఎర్రజెండా కట్టినంత మాత్రాన గోడ గట్టిది కాదు.

ఇక గెలుపు రాదని తెలిసీ ఒంటరిగా నిలబడుడు వృథా అంటరు కొందరు. 2019ల నిజామాబాద్‌ల 178 మంది రైతులు ఎంపీకి నామినేషన్ వేసి నిలబడ్డరు. మొత్తం 185 మంది పోటీ, ఒక్కో బూత్‌కు 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సొచ్చింది. రైతుల్లో ఒక్కరూ గెలవలేదు. కానీ పసుపు బోర్డు ముచ్చట దేశమంతా ఇన్నది. 2025 జనవరిల బోర్డు మొదలైంది. ధర ఎంత పెరిగిందన్నది వేరే లెక్క.

ఈ ముచ్చట మనకెందుకంటే, ఇక్కడ యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. ఊర్ల ఓటు ఉన్నా బూత్ దాకా స్వయంగా పోవాలె, టికెట్ డబ్బులు ఎవరిస్తరు? గల్ఫ్‌ల చనిపోయినోళ్ల ఇంటికి 5 లక్షలు ఇచ్చేటట్టు 2024ల జీవో వచ్చింది, ఇచ్చింది పెద్ద పార్టీ ప్రభుత్వమే, కాదనను. రేపు ఆ పైసలు ఆలస్యమైతే అసెంబ్లీల లేచి అడిగేటోడు కూడా కావాలె కదా. మంత్రి పక్కన కూర్చున్నోడు అడగలేడు.

సర్పంచ్ ఎన్నికకు ఎట్లాగూ పార్టీ గుర్తు ఉండదు, అక్కడ మనోడు సొంతంగనే నిలబడొచ్చు. అసెంబ్లీకి వస్తే మాత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక మాట చెప్పండి. ఓటు అడగడానికి ఎవరొచ్చినా, ఏ జెండా అయినా, విప్ వచ్చిన నాడు గల్ఫ్ కుటుంబాల దిక్కు ఉంటవా, పార్టీ దిక్కు ఉంటవా అని వాకిట్ల నిలబెట్టి అడగమనండి.