కట్టు విప్పాక ఎవరు పలకరిస్తారు?

మన ఊళ్లలో కంటి ఆపరేషన్ అంటే జనానికి తెలిసిన అర్థం ఒకటే. శుక్లం తీసేస్తారు, మర్నాడు కట్టు విప్పుతారు, మసకబారిన లోకం తేటపడుతుంది. జనగామ బస్తీల్లోనైనా, మానుకోట (మహబూబాబాద్) తండాల్లోనైనా, భూపాలపల్లి బొగ్గు గనుల కాలనీల్లోనైనా ఆ మాట వినగానే మనసులో మెదిలేది అదే. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్న మనిషికి చేసే ఆపరేషన్‌ను కూడా ఊరు ఆ పేరుతోనే పిలుస్తుంది. కానీ అది పూర్తిగా వేరే పని. కంటి వెనక గోడ మీద కొత్తగా మొలిచిన పెళుసు రక్తనాళాలు చిట్లి లోపల రక్తం నిండినప్పుడు, లేదా వాటిని పట్టుకుని పెరిగిన పొరలు రెటీనాను లాగి ఊడదీస్తున్నప్పుడు, కంటిలోని జిగురు పదార్థాన్ని తీసేసి, ఆ పొరలు ఒలిచి, లేజర్ పెట్టి, అవసరమైతే గ్యాస్‌గానీ సిలికాన్ నూనెగానీ నింపుతారు. పోయిన చూపును తిరిగి ఇవ్వడం కన్నా మిగిలిన చూపును నిలబెట్టడమే చాలాసార్లు దాని లక్ష్యం. పక్కింటి అవ్వకు తెల్లారేసరికి వచ్చిన చూపు తనకు మూడు నెలలైనా ఎందుకు రాలేదో తెలియక మనిషి కుమిలిపోవడం ఇక్కడే మొదలవుతుంది. ఆ కుమిలిపోవడాన్ని కనిపెట్టి, ఊరట కలిగించడం కూడా కంటి చికిత్సే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రభుత్వ దవాఖానాలు దాన్ని తమ బాధ్యతగా రాసుకోవాలని మేం కోరుతున్నాం.

ఇది కొద్దిమంది సమస్య కాదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది. 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వే ప్రకారం యాభై దాటిన షుగర్ రోగుల్లో 16.9 శాతం మందికి రెటీనా జబ్బు ఉంది, 3.6 శాతం మందికి అది చూపు పోగొట్టే దశకు చేరింది. ఈ మూడు జిల్లాల్లో ఎక్కువ భాగం 2016 అక్టోబరు 11 దాకా ఉమ్మడి వరంగల్ జిల్లాలోదే. నలభై దాటినవారి చూపుపై ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఖమ్మం, వరంగల్ జిల్లాల్లో జరిపిన సర్వే ఫలితాలు 2013లో వెలువడ్డాయి. చూపు లోపానికి ప్రధాన కారణాలు సరైన కళ్లద్దాలు లేకపోవడం, శుక్లాలు అని అందులో తేలింది. ప్రభుత్వ విధానమూ ఆ బాటలోనే నడిచింది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం కంటి వెలుగు రెండు విడతల్లోనూ కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించింది. లక్షల మందికి అద్దాలు అందాయి. ఆ మేలును తక్కువ చేసి చూడనక్కర్లేదు. అయితే అద్దాలు ఒకసారి ఇస్తే పని దాదాపు అయిపోతుంది. షుగర్ తిన్న రెటీనాకు అలా కుదరదు. ఏళ్ల తరబడి మనిషి దవాఖానా చుట్టూ తిరుగుతూనే ఉండాలి, తిరిగే మనసు ఆ మనిషికి మిగిలి ఉండాలి.

ఆపరేషన్ తరువాతి వారాలు ఎలా గడుస్తాయో చూస్తే ఈ మాట ఎందుకంటున్నామో తెలుస్తుంది. గ్యాస్ నింపినవారిలో చాలామందిని కొన్ని రోజులపాటు తల వంచుకుని కూర్చోమంటారు, బోర్లా పడుకోమంటారు. ఒంటిగది ఇంట్లో, నడుము నొప్పితో, రాత్రికి నాలుగుసార్లు మూత్రానికి లేచే అరవై ఏళ్ల మనిషికి అది చిన్న శిక్ష కాదు. గ్యాస్ కరుగుతున్నకొద్దీ చూపులో ఒక గీత, కుండలో నీటిమట్టంలా ఊగుతూ కిందికి దిగుతుంది. అది మామూలేనని ముందే చెప్పకపోతే కన్ను పోయిందని బెంబేలు పడతారు. నూనె నింపితే కొన్ని నెలలకు దాన్ని తీయడానికి మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాలి. బాగవుతోందనుకున్న కంట్లో మళ్లీ రక్తం దిగవచ్చు. ఈలోగా రెండో కంటికి సూదులు మొదలవుతాయి. కంట్లో సూది అన్న మాటకే ఒళ్లు జలదరిస్తుంది. లేజర్ ఎక్కువగా పెట్టించుకున్నవారికి పక్కచూపు, రాత్రిచూపు తగ్గుతాయి కనుక పొద్దుగూకాక గడప దాటాలంటే భయం. ఇన్సులిన్ సిరంజి మీది గీతలు ఆనవు, మాత్రల పట్టీ ఏదో తెలియదు, అరికాలి పుండు కనబడదు. నిన్నటిదాకా ఇంటిని మోసిన మనిషి కొడుకునో మనవరాలినో పిలవనిదే మందు వేసుకోలేని స్థితికి వస్తారు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ చెక్కే చేతికైనా, తండాలో అద్దాల పని కుట్టే సూదికైనా, గనిలో బండి నడిపే డ్రైవరుకైనా చూపే కూలి, చూపే పరువు. ఇంత పోగొట్టుకున్న మనిషి బాధపడటం జబ్బు కాకపోవచ్చు. ఆ బాధ నెలల తరబడి అడిగేవారు లేక గడ్డకడితే మాత్రం అది జబ్బే అవుతుంది.

దీనికి తోడు నేరభావం. శుక్లం వచ్చినవారిని ఎవరూ తప్పుపట్టరు, వయసు అంటారు. షుగర్‌తో చూపు పోయినవారిని మాత్రం ఇంటావిడ దగ్గర్నుంచి నర్సు దాకా ఒకటే అడుగుతారు: నోరు కట్టుకోలేదా? షుగర్ అదుపులో లేకపోవడం పెద్ద కారణమే, కాదనలేం. కానీ జబ్బు ఎన్నేళ్లుగా ఉందో, రక్తపోటు ఎంతుందో, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో కూడా రెటీనా భవితను నిర్ణయిస్తాయి. రేషన్ బియ్యం తప్ప మరోటి వండుకోలేని ఇంట్లో పథ్యం ఎంత సాధ్యమో వేరే చెప్పాలా? అంతకన్నా చేదు నిజం ఒకటుంది. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఒక్కసారిగా తగ్గించినప్పుడు కొందరిలో రెటీనా జబ్బు తాత్కాలికంగా ముదురుతుంది. 1993లో ఫలితాలు వెలువడిన అమెరికా మధుమేహ పరిశోధన డీసీసీటీలోనే ఇది బయటపడింది. దీర్ఘకాలంలో మేలే జరుగుతుందని కూడా అదే పరిశోధన చూపింది. అంటే కంటి భయంతో ఇప్పుడిప్పుడే నోరు కట్టుకున్న మనిషికి ఆ నెలల్లోనే చూపు తగ్గవచ్చు. ఇది ఎవరూ చెప్పకపోతే ఆ మనిషి దేన్ని నమ్మాలి?

మనసు సంగతి మెత్తని మాట, వైద్యానికి అక్కర్లేనిదని తీసిపారేసేవారి ముందు రెండు మూడు ఆధారాలు పెడతాం. మెల్‌బోర్న్‌లో 500 మందికి పైగా మధుమేహ రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో రెటీనా జబ్బు తీవ్రదశలో ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. కుంగుబాటుతో ఉన్న రోగులు వైద్య సలహా పాటించకపోయే అవకాశం మిగతావారికన్నా మూడు రెట్లు ఉంటుందని, అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2000 నాటి అమెరికా విశ్లేషణ చెప్పింది. పాటించకపోతే కంటికి ఏమవుతుందో ఫిలడెల్ఫియా వైద్యులు 2019లో చూపించారు. ముదిరిన రెటీనా జబ్బుతో ఆరు నెలలకు పైగా ఆసుపత్రి ముఖం చూడని రోగుల కళ్లను వారు పోల్చారు. లేజర్ చేసిన 46 కళ్లలో ఒకదానికి, సూదులు మాత్రమే వేసిన 30 కళ్లలో పదింటికి రెటీనా లాగుడుకు ఊడింది. ఈ మూడు అధ్యయనాలూ వేర్వేరు రోగుల మీద జరిగినవి. వాటిని ఒక గొలుసుగా కలిపి చూస్తున్నది మేమే. కానీ ఆ గొలుసు మనకు తెలియనిది కాదు. ఇక లాభం లేదని మనసు విరిగినవారే తేదీ తప్పుతారు. తేదీ తప్పిన కంటికి అంతవరకు పెట్టిన డబ్బు, సర్జన్ నైపుణ్యం అన్నీ వృథా.

ముందు రెటీనా డాక్టర్లనే చూపించండి, మనసు సంగతి తరువాత చూద్దాం అన్నది మాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం. ఇందులో నిజముంది. రెటీనా ఆపరేషన్ కోసం ఈ జిల్లాల నుంచి ఎక్కువమంది వరంగల్‌కో, హైదరాబాద్‌కో పోతున్నారు. భూపాలపల్లికి రైలు కూడా లేదు. ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితమైనా తోడు వచ్చే కొడుకుకు ఆ రోజు కూలి పోతుంది, టికెట్టూ కొనాలి. అందుకే ఈ అభ్యంతరం మా వాదనకే బలమిస్తుంది. నిపుణుడు దూరంగా ఉన్నచోట, ఆపరేషన్ చేసిన చేతికీ రోగి ఇంటికీ మధ్య వంద కిలోమీటర్ల మౌనం ఉన్నచోట, ఊళ్లో పలకరించే మనిషి అవసరం ఇంకా ఎక్కువ. దానికి కొత్త భవనాలు అక్కర్లేదు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. వైద్య కళాశాల అన్నాక నిబంధనల ప్రకారం కంటి విభాగమూ మానసిక వైద్య విభాగమూ రెండూ ఉండాలి. ఒకే ప్రాంగణంలోని ఆ రెండు గదుల మధ్య కాగితం కదలాలన్నదే మా కోరిక.

ఇంటివాళ్లు ఉన్నారు కదా, పట్నాల్లో లాగా ఇక్కడ ఒంటరితనం ఎక్కడిది అంటారు మరికొందరు. మన కుటుంబాలు చేసే సేవ నిజంగా గొప్పది. కానీ సేవ చేస్తున్నవారి ముందే తన బాధ చెప్పుకోలేని ఇబ్బంది రోగిది: ఇంతకన్నా ఏం భారమవుతామన్న మొహమాటం. బతుకుతెరువుకు పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోతే ముసలి దంపతులే మిగిలిన ఇళ్లు ఎన్నో. ఆపరేషన్ అయింది ఇల్లాలికైతే పరిస్థితి మరీ దారుణం. వంగవద్దని, పొగ తగలవద్దని, నీళ్లు పడవద్దని డాక్టరు చెప్పిన మూడో రోజే ఆమె పొయ్యి ముందు ఉంటుంది, కన్ను నొప్పెడితే ఎవరికీ చెప్పదు. కుటుంబం ఉందన్న భరోసాతో వ్యవస్థ చేతులు దులుపుకోవడమంటే ఆ భారమంతా ఇంట్లోని ఒక స్త్రీ మీద పెట్టడమే.

మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే పిచ్చి అని ముద్ర పడుతుందన్న భయం ఉత్తిది కాదు. అందుకే ఈ పని కంటి విభాగంలోనే మొదలవ్వాలి. చుక్కల మందు ఇస్తూనే నిద్ర పడుతోందా, దేనిమీదా ఆసక్తి లేకుండా పోతోందా, బతుకు మీద విసుగొస్తోందా అని అడిగితే చాలు. జవాబును బట్టి అవసరమైన కొద్దిమందినే పై వైద్యుడి దగ్గరికి పంపవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరు ఉంది కదా అంటారు. ఉంది, ఉపయోగమూ ఉంది. అయితే ఫోను మీద అంకెలు ఆననివారు, తన బాధకు ఒక పేరుందని తెలియనివారు తమంతట తాము ఫోన్ చేస్తారని ఎదురుచూడటం న్యాయమా? ఫోన్ దవాఖానా నుంచే రావాలి. బ్రిటన్ ఆసుపత్రుల్లో చూపు తగ్గినవారితో మాట్లాడటానికి, ఇంట్లో, పనిలో ఎలా నెట్టుకురావాలో చెప్పడానికి కంటి విభాగంలోనే ప్రత్యేక సహాయకులు ఉంటారు. అంత ఖర్చు పెట్టలేమంటే మనకు ఆశా కార్యకర్తలున్నారు, పల్లె దవాఖానాలున్నాయి, నెలనెలా షుగర్ మాత్రలు ఇచ్చే వ్యవస్థ ఉంది. అయితే ఇప్పటికే నలిగిపోతున్న ఆశాల మీద ఈ పనిని జీతం లేని మరో బరువుగా మోపకూడదు. శిక్షణా, పారితోషికమూ రెండూ ఇవ్వాలి.

ఉన్న నిజం ముందే చెబితే రోగి ఆపరేషనే వద్దంటాడని కొందరు డాక్టర్ల సందేహం. అబద్ధపు ఆశతో ఒప్పించిన రోగి ఒక్క ఆపరేషన్‌కే వస్తాడు, రెండోదానికి రాడు. ఎంత చూపు నిలవవచ్చో, ఎన్నిసార్లు రావాల్సి ఉంటుందో రోగి భాషలో, తండా మనిషైతే లంబాడీ మాట తెలిసినవారితో, సంతకానికి ముందే చెప్పించాలి. చూపు తిరిగిరాని వారికి దారి చూపడం కూడా ఇందులో భాగమే. వైకల్య ధ్రువీకరణ నిబంధనల ప్రకారం ఒక కన్ను బాగుండి రెండోది పూర్తిగా పోయినా 30 శాతమే లెక్క. పింఛనుకు 40 శాతం కావాలి. వైకల్యం తేల్చే సదరం శిబిరం దాకా తోడు పట్టుకుని వెళ్లి, వరుసలో నిలబడి, ఉత్తచేతులతో తిరిగొచ్చాక తెలుసుకోవాల్సిన సంగతి కాదది. ఒంటికన్నుతో చేయగల పనేమిటో, బ్యాంకు రుణమేమైనా దొరుకుతుందేమో ఆలోచించే చోటు జిల్లా ఆసుపత్రిలోనే ఉండాలి. మూడు జిల్లాల కలెక్టర్లు, వైద్య కళాశాలల పర్యవేక్షకులు ఒక పూట కూర్చుంటే ఇది మొదలుపెట్టవచ్చు. రెటీనా ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన ప్రతి మనిషి పేరు, ఆపరేషన్ ఎక్కడ జరిగినా సరే, సొంత జిల్లా ఆసుపత్రిలో నమోదు కావాలి. మొదటి వారం, మొదటి నెల, మూడో నెల ఆసుపత్రి నుంచి ఫోన్ వెళ్లాలి. రాసిచ్చిన తేదీకి రాకపోతే మూడు రోజుల్లో ఎవరో ఒకరు గడప తొక్కాలి. డిశ్చార్జి కాగితం మీద మళ్లీ రావాల్సిన తేదీ పక్కనే, ఆ ఫోన్ చేసే మనిషి పేరు, నంబరు ఉండాలి. అదీ మసక కంటికి ఆనేంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో.