కారుకు రాయితీ, బస్సుకు నిరీక్షణ

తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్ నుంచి నోయిడా చేరడానికి పది నిమిషాలు చాలు. దారిలో రాష్ట్రం మారిన సంగతి కంటికి తెలియదు, ఊపిరితిత్తులకు అసలే తెలియదు. కారు కొనేవారికి మాత్రం ఆ సరిహద్దు ఎక్కడుందో బాగా తెలుసు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం స్ట్రాంగ్ హైబ్రిడ్, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లపై రిజిస్ట్రేషన్ పన్నును పూర్తిగా ఎత్తివేసింది. ఢిల్లీలో పది లక్షల రూపాయలు దాటిన పెట్రోలు కారుపై రోడ్డు పన్ను 10 శాతం. ఇరవై లక్షల బండికి ఇక్కడ రెండు లక్షలు కట్టాల్సి ఉండగా అక్కడ ఆ పన్నే లేకుండా పోయింది. నోయిడాలో బావమరిది ఇల్లో, ఆఫీసు చిరునామానో ఉన్నవారు ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు.

పొరుగువాడు తగ్గించినప్పుడు మనమూ తగ్గించకపోతే ఆదాయం అటు పోయి పొగ మాత్రం మనకు మిగులుతుందన్న వాదన అక్కడి నుంచే పుట్టింది. ఇది కొట్టిపారేయదగినది కాదు. నోయిడా నంబరు ప్లేటుతో వచ్చిన కారు ఢిల్లీ రోడ్ల మీదనే తిరుగుతుంది, ఢిల్లీ ఫుట్‌పాత్‌ల మీదనే నిలుస్తుంది, ఢిల్లీ ఖజానాకు మాత్రం చిల్లిగవ్వ రాదు. పైగా హైబ్రిడ్ కారు అదే పరిమాణం గల మామూలు పెట్రోలు కారు కంటే తక్కువ ఇంధనం తాగుతుందన్నదీ నిజమే. అయినా ఢిల్లీ ప్రభుత్వం ఈ విషయంలో పొరుగు రాష్ట్రాన్ని అనుకరించకూడదనే నా అభిప్రాయం. కారణం సిద్ధాంతంలో లేదు, పన్నుల పట్టికలోనే ఉంది.

ఆ పట్టికను ఒకసారి తెరిచి చూద్దాం. ఢిల్లీలో ఆరు లక్షల లోపు పెట్రోలు కారుపై పన్ను 4 శాతం, ఆరు నుంచి పది లక్షల వరకు 7 శాతం, ఆపైన 10 శాతం. ద్విచక్ర వాహనాల దగ్గరికి వస్తే, ధర అరవై వేలు దాటితే పన్ను 8 శాతం. ఈ రోజుల్లో అరవై వేల లోపు పెట్రోలు స్కూటరు దాదాపు దొరకదు. అంటే సరుకులు చేరవేసే కుర్రవాడి స్కూటరుపై పడే పన్ను రేటు, ఐదున్నర లక్షల కారుపై పడే రేటుకు రెట్టింపు. ఈ వైపరీత్యాన్ని సరిదిద్దాలని ఏ పార్టీ ధర్నా చేసిన గుర్తు నాకు లేదు. పది లక్షల లోపు ధరలో స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు మన మార్కెట్లో లేనే లేదు. కనుక హైబ్రిడ్ మినహాయింపు అంటే పై అంతస్తులో ఉన్నవారికి ఇచ్చే మినహాయింపే. దానికి పర్యావరణం అని పేరు పెట్టినంత మాత్రాన లబ్ధిదారులు మారిపోరు.

విద్యుత్ వాహనాల సంగతి వేరు. 2020 ఆగస్టులో విధానం ప్రకటించి, ఆ అక్టోబరులో బ్యాటరీ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేసినప్పుడు ఢిల్లీ దేశానికి దారి చూపింది. పొగగొట్టమే లేని బండికి, అందులోనూ స్కూటర్లకూ ఆటోలకూ వర్తించే రాయితీని ఎవరూ తప్పుపట్టలేరు. తెలంగాణ కూడా 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఇటువంటి మినహాయింపునే ఇచ్చింది. అయితే హైదరాబాద్‌లో కొనేవారికి గడువు తేదీ ముందే తెలుసు. ఢిల్లీలో మూడేళ్ళ విధానం 2023లో ముగిసిన తర్వాత ముక్కలు ముక్కలుగా పొడిగించుకుంటూ వచ్చారు, కొనుగోలుదారులకు ఇవ్వాల్సిన సబ్సిడీలు బకాయి పడ్డాయి. ఇచ్చిన మాటనే నిలబెట్టుకోలేని ప్రభుత్వం కొత్త మినహాయింపుల గురించి ఆలోచించడం అప్పు తీర్చకుండా విందుకు పిలిచినట్టుంటుంది.

గత పదేళ్ళ చరిత్ర చూస్తే ఒక విచిత్రమైన శ్రమవిభజన కనిపిస్తుంది. ఢిల్లీలో వాహనాలపై కొత్త భారం మోపే పని న్యాయస్థానం చేస్తుంది, తగ్గించి మెప్పు పొందే పని ప్రభుత్వం చేస్తుంది. నగరంలోకి వచ్చే లారీలపై పర్యావరణ పరిహార రుసుము విధించింది 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు. రెండు నెలలకే దాన్ని 1,400, 2,600 రూపాయలకు రెట్టింపు చేసిందీ సుప్రీంకోర్టే. 2000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్‌ను ఆపి, 2016 ఆగస్టులో ఒక శాతం హరిత సుంకంతో అనుమతించిందీ అదే కోర్టు. ఎన్నికైన ప్రభుత్వం ఏం చేసింది? 2021 డిసెంబరులో, అంటే సరిగ్గా పొగమంచు కమ్ముకునే కాలంలో, పెట్రోలుపై వ్యాట్‌ను 30 శాతం నుంచి 19.40 శాతానికి దించింది. లీటరు 103.97 రూపాయల నుంచి 95.41 రూపాయలకు తగ్గింది. నాడు అధికారంలో ఉన్నది ఆమ్ ఆద్మీ పార్టీ. ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ అడిగిందీ అదే తగ్గింపు. కాలుష్యం గురించి రోజూ కొట్లాడుకునే రెండు పార్టీలు ఏకీభవించిన అరుదైన సందర్భం అది.

లీటరుపై వేసే పన్ను ఎంత తిరిగితే అంత పడుతుంది. రిజిస్ట్రేషన్ నాడు ఒకేసారి కట్టించుకునే రోడ్డు పన్నుకు ఆ గుణం లేదు. వారానికి ఒకసారి ఆసుపత్రికి వెళ్ళే వృద్ధ దంపతుల కారూ, గురుగ్రామ్‌కు రోజూ అరవై కిలోమీటర్లు తిరిగే కారూ ఒకే ధరవైతే ఒకే పన్ను. ఒకసారి కట్టేశాక ఇక కారును ఇంట్లో ఉంచడానికి యజమానికి కారణం ఏముంది? ఈ లోపమే 2025 జూలైలో మరో రూపంలో బయటపడింది. పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు వాహనాలకు బంకుల్లో ఇంధనం పోయకూడదన్న నిబంధన ఒకటో తేదీన అమల్లోకి వచ్చి, జనం గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజుల్లోనే అటకెక్కింది. వెనక్కు తగ్గినందుకు రేఖా గుప్తా ప్రభుత్వాన్ని చాలామంది ఎద్దేవా చేశారు. నేను చేయను. బండి వయసును బట్టి కాక, అది ఎంత తిరిగింది, ఎంత పొగ వదిలింది అన్నదాన్ని బట్టి వసూలు చేయాలన్న జనం అభ్యంతరంలో న్యాయం ఉంది. అదే న్యాయాన్ని కొత్త కార్ల విషయంలోనూ పాటించాలి కదా.

మరి నోయిడా సమస్య? పొరుగువాడితో పోటీపడి పన్ను తగ్గించుకుంటూ పోతే ఎక్కడికి చేరతామో తెలుసుకోవడానికి పుదుచ్చేరి చాలు. అక్కడి తక్కువ పన్ను కోసం కేరళ సినీ ప్రముఖులు విలాసవంతమైన కార్లను అక్కడి చిరునామాలతో రిజిస్టర్ చేయించుకున్న వ్యవహారం 2017లో పోలీసు కేసుల దాకా వెళ్ళింది. మోటారు వాహనాలపై పన్ను రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోనిదే. కానీ ఆ పన్నుకు ఆధారమైన సూత్రాలను ఉమ్మడి జాబితాలో చేర్చారు. దేశమంతటికీ ఒకే రోడ్డు పన్ను ఉండాలని 2018లోనే రాష్ట్రాల రవాణా మంత్రుల బృందం సిఫారసు చేసింది. పది లక్షల లోపు 8 శాతం, ఇరవై లక్షల వరకు 10, ఆపైన 12. సిఫారసు కాగితంగానే మిగిలినా, 2021లో వచ్చిన భారత్ సిరీస్ రిజిస్ట్రేషన్‌లో అవే రేట్లను వాడుకున్నారు. అంతకంటే ముఖ్యం, ఆ పథకంలో పన్నును జీవితకాలానికి కాకుండా రెండేళ్ళకు ఒకసారి కట్టే పద్ధతి పెట్టారు. వాయిదాలలో రోడ్డు పన్ను వసూలు చేయడం అసాధ్యమనేవారికి సమాధానం కేంద్రమే ఇచ్చేసింది.

రాజధాని ప్రాంతంలోని ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ నాలుగింటా 2025 ఫిబ్రవరి నుంచి ఒకే పార్టీ పాలన ఉంది. కేంద్రంలోనూ అదే. ఇంజిన్ల లెక్క చెప్పి ఓట్లడిగిన పార్టీకి నలుగురు రవాణా మంత్రులను ఒక గదిలో కూర్చోబెట్టడం ఎంతసేపు? ఈ ప్రాంతమంతటి గాలికీ 2021 చట్టంతో ఒక కమిషన్ ఏర్పాటైంది. అది జనరేటర్లను ఆపగలదు, నిర్మాణాలను ఆపగలదు. పన్ను రేట్ల జోలికి మాత్రం వెళ్ళలేదు. ఆ పని రాజకీయ నాయకత్వానిదే.

ఢిల్లీకి ఆదాయం విషయంలో మరో ఇబ్బంది ఉంది. ఆర్థిక సంఘం పంచిపెట్టే కేంద్ర పన్నుల వాటా రాష్ట్రాలకే గాని ఢిల్లీకి రాదు. జీఎస్టీ వచ్చాక సొంతంగా రేటు నిర్ణయించుకోగలిగిన పన్నులు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే మిగిలాయి. మద్యం, ఇంధనం, స్టాంపులు, వాహనాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొనేవారికి ఊరట అప్పుడే దక్కింది. దానిపైన నగరం మరో ఊరట ఇవ్వాలంటే బస్సులకు పోయే డబ్బులోంచి ఇవ్వాలి.

ఆ బస్సుల గురించి ఒక్క తేదీ గుర్తు చేస్తాను. 2001 ఏప్రిల్ 1 నాటికి ఢిల్లీలో పదివేల బస్సులు నడపాలని సుప్రీంకోర్టు 1998 జూలైలో ఆదేశించింది. ఆ ఆదేశాల్లో సీఎన్జీ భాగం అమలైంది, దేశం మెచ్చుకుంది. పదివేల బస్సులు ఇప్పటికీ రాలేదు. మధ్యలో కాంగ్రెస్ కట్టిన బస్సుల ప్రత్యేక మార్గాన్ని ఆమ్ ఆద్మీ ప్రభుత్వం 2016లో పడగొట్టించింది, కార్లకు దారి ఇరుకైందని. 2019 అక్టోబరు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం ఇచ్చారు. మంచి పనే. ఎక్కడానికి బస్సు రావడమే ఆలస్యం.

ఢిల్లీ మోటారు వాహనాల పన్ను చట్టం 1962 నాటిది. దాని షెడ్యూలును సవరించే అధికారం శాసనసభకు ఉంది, లెఫ్టినెంట్ గవర్నర్‌తో పేచీ పడే అంశాల్లో పోలీసు, భూమి, శాంతిభద్రతల మాదిరి ఇది లేదు. సవరించాలని అంత ఉబలాటంగా ఉంటే, స్కూటరుకు ఎదురుగా ఉన్న 8 అంకె దగ్గర మొదలుపెట్టవచ్చు.