వాము గింజయు వామపువ్వును

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి చేలలో ప్రత్తి, సెనగల సరసనే వామును పండించుట పరిపాటి. వాననే నమ్మి విత్తిన పైరు చలికాలము ముగియునప్పటికి కోతకు వచ్చును. ఆ పంట చాలవరకు గింజగనే గోనెలకెక్కి కర్నూలు మార్కెట్టుయార్డునకు తరలిపోవుచున్నది. అచట బేరము రంగునుబట్టియు, మట్టినిబట్టియు, తేమనుబట్టియు సాగును. గింజలో తైలమెంత యని యడుగువారు అరుదు. మా ఫిర్యాదు ఇదియే.

వాము విలువ యంతయు ఆ తైలమునందే కలదు. కడుపునొప్పితో నేడ్చు బిడ్డకు వామునీరు పట్టు అవ్వకు ఈ సంగతి ఏనాడో తెలియును. నూరు కిలోల గింజను నలుగగొట్టి ఆవిరి పట్టించినచో రెండు మొదలు నాలుగు కిలోల తైలము దిగును. అందు రమారమి సగము థైమాల్, అనగా మన అంగళ్లలోని వామపువ్వు. ఇది సూక్ష్మజీవి పైపొరలో జొరబడి తూట్లు పొడుచును. లోని సారము కారిపోయి జీవి నశించును. గాలి సోకి నూనెలు కంపుగొట్టుటకును ఇదియే అడ్డుపడును. వేరుసెనగకు పట్టి విషము పుట్టించు ఆస్పర్జిల్లస్ బూజును వాము తైలము నిరోధించునని ప్రయోగశాలలలో తేలినది. నూనెమిల్లుల ఆదోనికి ఇంతకంటె దగ్గరి విషయమేమున్నది?

అట్లని గాజుగొట్టములో క్రిమి చచ్చినంతనే రోగి కుదురునని మేము చెప్పబోము. కొంకిపురుగులకు వామపువ్వును మందుగా నిచ్చిన కాలమున మోతాదు మించి ప్రాణములు పోయిన సందర్భములును కలవు. సర్వరోగనివారిణి యని సీసాపై అచ్చువేయువారిని పాఠకులు నమ్మకుందురుగాక.

1914కు పూర్వము మన వాము ఓడలకెక్కి జర్మనీకి పోయెడిది. అచటి కర్మాగారములలో వామపువ్వుగా మారి లోకమంతటను అమ్ముడుపోయెడిది. యుద్ధమువలన ఆ దారి మూతపడిన పిదపగాని ఇచటనే తీయవలెనను తలంపు బలపడలేదు. అటుపిమ్మట కృత్రిమముగా చేసిన థైమాల్ చౌకయై బజారు నాక్రమించెను. కావున వట్టి వామపువ్వుతో ఆ కర్మాగారములపై పోటీకి దిగుడని మేము రైతులకు సలహా నీయము. ఆహారములకును పరిమళములకును సహజతైలమునే కోరి కొనువారు వేరుగ నున్నారు. మన గిరాకి వారియొద్ద.

పెట్టుబడి యెక్కడిదని కొంద రందురు. బట్టీ యనగానే సారా జ్ఞాపకమునకు వచ్చిన వచ్చుగాక, పనితీరు అదియే. రాకెట్టు విద్య కాదు. తైలము తీసిన పిప్పి పశువుల దాణాకు పనికివచ్చును. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేతవారిని కూర్చి సహకారసంఘమును నెలకొల్పిరి. మగ్గములవారికి సాధ్యమైనది వాము రైతులకేల సాధ్యముకాదు?

మార్కెట్టు కమిటీవారు ఈ కోతనుండియే నమూనా గింజలను పరీక్షింపించి, తైలశాతమును ధరలపట్టికలో చేర్పవలెను. లాం పరిశోధనాస్థానమువారు తమ వాము వంగడములు మన రేగడిలో నెంత తైలమిచ్చునో ఇచటి పొలములలోనే చూపవలెను. రైతుసంఘములు పది బస్తాలనైన బట్టీకెక్కించి, ఖర్చెంత, రాబడి యెంత, పిప్పి వెల యెంత యను లెక్కను ఉగాదిలోపల ఊరివారి ముందుంచవలెను. ఆ లెక్కను మేమును ఈ పుటలలో ప్రకటింతుము. నష్టము వచ్చినను దాచము.