ఆఖరి బిల్లు ఆపండి!

చేవెళ్ళ, మొయినాబాద్‌లలో కొత్త ఇల్లు కట్టుకున్న, కట్టుకుంటున్న అన్నలకు, అక్కలకు

మొన్నటి గాలివానకు మా ఇంట్లో పడమటి కిటికీ పక్క నుంచి నీళ్ళు దిగాయి. గృహప్రవేశమై నాలుగు నెలలు కాలేదు. తెల్లారేసరికి లప్పం ఉబ్బి పెచ్చులూడింది, పరుపు నానింది. మేస్త్రికి ఫోన్ చేస్తే "జల్లు గదా సార్, కొడుతది" అన్నాడు, తప్పు చౌకట్‌దన్నాడు. చౌకట్ బిగించినాయన గోడదన్నాడు. ఇద్దరికీ పైసలు ముట్టాయి మరి.

మీ ఇంట్లో ఎట్లా కారిందో మీకు తెలుసు. సందు లెక్క మాత్రం చెబుతాను. నాలుగడుగుల చదరపు కిటికీ చుట్టుకొలత 16 అడుగులు. చుట్టూ ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు సందు వదిలితే మొత్తం 24 చదరపు అంగుళాలు. గోడకు దాదాపు ఇటు ఐదు, అటు ఐదు అంగుళాల బొక్క కొట్టి వదిలేసినట్టే! ఆ బొక్క కనబడితే మేస్త్రి గల్లా పట్టుకునేవాళ్ళం. దాన్నే సన్నగా సాగదీసి కిటికీ చుట్టూ చుడితే లక్షలు లెక్కపెట్టి ఇచ్చాం. ఎండాకాలం దుమ్ము, డిసెంబరు చలి, తొలకరి ఉసిళ్ళు వచ్చేదీ ఆ దారినే. ఏసీ చల్లదనం పోయేదీ ఆ దారినే, పక్క బంతితోటకు.

ఈ ఊళ్ళ పాత ఇళ్ళు చూడండి. చౌకట్‌కు గాడి తీసి, రెక్క అందులో కూర్చునేలా చెక్కేవాడు వడ్రంగి. రెండు రెక్కలు కలిసేచోట పట్టీ కొట్టేవాడు. (ఆ ఇళ్ళ చీకటి, చెదల సంగతి నాకూ తెలుసు, ఇప్పుడొద్దు.) 1920లో పూర్తయిన గండిపేట కట్ట వందేళ్ళు దాటినా చెరువును ఆపుతోంది. మన గోడ గంట వానను ఆపలేదు. 1996 నాటి 111 జీవో పుణ్యమా అని ఇక్కడ పెద్ద కట్టడాలు పెద్దగా లేవలేదు, ఇళ్ళు పొలాల నడుమ ఎడంఎడంగా ఉన్నాయి. గాలికి అడ్డేది? పట్నం సందుల్లో చెల్లిన పనితనం ఇక్కడ చెల్లదు.

దీన్ని నిర్లక్ష్యం అనకండి. ఇది మోసం. యూపీవీసీ చౌకట్‌కూ గోడకూ మధ్య ఫోమ్ నింపి, బయటి అంచుకు సిలికాన్ పట్టించాలి. వీళ్ళు సిమెంటు కుక్కి, పైన లప్పం పూసి పోతున్నారు. ప్లాస్టిక్ ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. సిమెంటు దానితో కలిసి కదలదు. ఒక్క ఎండాకాలం చాలు, వెంట్రుకవాసి చీలిక రావడానికి. కిటికీ గట్టుకు బయటివైపు వాలు లేదు. సజ్జ అంచు కింద నీటిబొట్టు తెగిపడే గాడి లేదు. కింది పట్టాలో నీళ్ళు పోవడానికున్న చిల్లులనే సిమెంటుతో మెత్తిన ఘనులున్నారు! రెండు మూడు వందల ట్యూబు మిగుల్చుకోవడానికి మన గోడ నాశనం చేస్తున్నారు.

సందులు మూస్తే గాలాడదట. గాలి కావాలంటే కిటికీ తెరుస్తాం. వంటింటి వెంటిలేటర్‌ను, గ్యాస్ గీజరున్న బాత్రూం వెంటిలేటర్‌ను ఎవరూ మూయమనలేదు.

రెరాలో నమోదైన వెంచర్‌లో విల్లా కొన్నవారికి చట్టం అండ ఉంది. స్వాధీనమైన ఐదేళ్ళలోపు పనితనంలో లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. సొంత ప్లాటులో మేస్త్రితో కట్టించుకునే మనకు ఆ రెరా వర్తించదు. మన చేతిలో ఉన్నది ఆఖరి బిల్లు ఒక్కటే.

దాన్ని ఆపండి. నూటికి పది రూపాయలు కిటికీల పరీక్ష అయ్యాకే ఇస్తామని ఒప్పంద కాగితంలో ముందే రాయించండి. పరీక్షకు ఇంజనీరు అక్కర్లేదు. బయట ఒకరు పైపుతో అరగంట నీళ్ళు కొట్టాలి, కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి. లోపల ఒకరు పొడి పేపరు పట్టుకుని చూడాలి. రాత్రయితే బయట టార్చి వేసి, లోపల లైట్లు ఆర్పండి. వెలుతురు ఎక్కడ దూరితే సందు అక్కడుంది.

2025లో మన చేవెళ్ళ, మొయినాబాద్ మున్సిపాలిటీలయ్యాయి. సెట్‌బ్యాక్‌ను టేపుతో కొలిచేవారు కిటికీ మీద నాలుగు బకెట్లు పోసి చూడలేరా? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు ముందు ఈ పరీక్ష పెట్టాలని వినతిపత్రం రాశాం. సంతకాలు కావాలి. సంతకానికి వచ్చేటప్పుడు తడిసిన గోడ ఫొటో తెచ్చుకోండి. పైపు లేనివారు మా ఇంటి నుంచి తీసుకెళ్ళండి, 50 అడుగులుంది.