ఈ గురువుగారికి పట్టా ఇచ్చిందెవరు?

కరాటే క్లాసుకు పోతే చాలాచోట్ల గోడ మీద ఒక గడ్డపాయన బొమ్మ ఉంటుంది. గుడ్లురిమి చూస్తుంటాడు. ఆయనే బోధిధర్ముడు. కంచి రాజకుమారుడు చైనాకు పోయి షావోలిన్ ఆలయంలో సన్యాసులకు యుద్ధవిద్య నేర్పాడని, కుంగ్‌ఫూ ఆయన పెట్టిన భిక్షేనని మాస్టర్లు చెబుతారు. 2011లో 'సెవెంత్ సెన్స్' సినిమా వచ్చాక ఈ మాట మరింత పాకింది. మనోడే చైనావోళ్లకు నేర్పిండంటే మాకూ ఛాతీ ఉప్పొంగింది. అయితే పట్టా చూపించమని అడగొద్దా?

547లో లోయాంగ్ నగరపు ఆలయాల గురించి యాంగ్ షువాన్‌జి రాసిన గ్రంథంలో ఈయన పేరు కనిపిస్తుంది. అందులో ఆయన పర్షియా నుంచి వచ్చిన ముసలి సన్యాసి. గుడి శోభ చూసి మురిసిపోయాడు, అంతే. ఏడో శతాబ్దంలో దావోషువాన్ దక్షిణ భారత బ్రాహ్మణుడని రాశాడు. వీళ్లిద్దరి రాతల్లో కంచి లేదు, పిడిగుద్దూ లేదు. పైగా షావోలిన్ ఆలయాన్ని 495 ప్రాంతంలో కట్టించింది బాతువో అనే మరో భారతీయ సన్యాసి కోసం.

మరి ఈ కథ ఎక్కడ పుట్టింది? 'యిజిన్ జింగ్' అనే వ్యాయామ గ్రంథంలో. అసలు రాసింది 1624లో. పాత సరుకని నమ్మించడానికి ముందు రెండు పీఠికలు అతికించారు. ఒకటి 628లో లీ జింగ్ అనే సేనాని రాసినట్టు. ఆయనకు ఈ విద్య ఎవరి ద్వారా అందిందయ్యా అంటే, 'గిరజాల గడ్డపాయన' ద్వారానట. ఆ గడ్డపాయన ఒక కల్పిత కథలో పాత్ర! రెండో పీఠిక రాసిన సేనాని తనకు ఒక్క అక్షరమూ రాదని అందులోనే చెప్పుకున్నాడు. అక్షరం రానాయన పీఠికెట్ల రాసిండు? దొంగ సర్టిఫికెట్లు చేసేటోడు కూడా ఇంతకంటే జాగ్రత్తపడతాడు.

ఇది ఎవరో చైనా గిట్టనివాళ్లో, మనదేశం గిట్టనివాళ్లో అన్నది కాదు. స్వయంగా కుస్తీలు పట్టిన చైనా పరిశోధకుడు తాంగ్ హావ్ 1930లోనే ఈ వంశవృక్షాన్ని వేళ్లతో పీకిండు. ఇక్కడ మాత్రం ఇంకా నీళ్లు పోస్తూనే ఉన్నాం.

పోతే పోనీ, కథే కదా అంటారు కొందరు. మాకు అభ్యంతరం అక్కడే ఉంది. 621లో షావోలిన్ సన్యాసులు తాంగ్ సైన్యం వైపు నిలబడి పోరాడారు. 13 మంది పేర్లు ఆ ఆలయంలో రాయి మీద చెక్కి ఉన్నాయి. తర్వాత తరతరాలుగా కర్రసాము చేసి ఒళ్లు హూనం చేసుకున్నోళ్లు వేరే ఉన్నారు. వాళ్ల చెమటంతా తీసుకపోయి, ఎన్నడూ కర్ర పట్టినట్టు దాఖలా లేని ఒక రాజకుమారుడి ఖాతాలో వేస్తే ఎట్ల?

బోధిధర్ముని తప్పేమీ లేదు. నేను గుద్దులు నేర్పానని పాపం ఆయన ఎక్కడా చెప్పుకోలేదు.

క్లాసులో ఈ సంగతి ఎత్తితే మాస్టర్‌కు కోపమొస్తుంది. 50 బస్కీలు తీయమంటాడు. తీద్దాం. తీసి, చెమట తుడుచుకుని, మళ్లీ అడుగుదాం.